ముందు వదలడం, తర్వాత బిగించడం

మా అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయేది. కొండపి పక్కన మా ఊరు. ఆకు పదును పోతే పొడైపోతుందని, తెల్లారకముందే సద్ది కట్టుకుని బ్యారన్ దగ్గరికి చేరాలి. అక్కడ ఆడవాళ్లకి మరుగు లేదు. అందుకని నీళ్లు తాగేది కాదు, మూత్రం వచ్చినా ఆపుకునేది. పొద్దు వాలి ఇంటికొచ్చాకే పెరట్లోకి పోవడం. యాభై దాటేసరికి, మూత్రం చుక్కలు పడతాయని ఆమెకి తుమ్మంటే భయం పట్టుకుంది. పెళ్లిళ్లకి పోవడం మానేసింది. నేను ఫిజియోథెరపీ చదివి ఒంగోలులో పని మొదలుపెట్టాక కూడా రెండేళ్ల దాకా నాతో ఆ మాట అనలేదు. ఒకరోజు దండెం మీద ఆరేసిన లంగాలు లెక్కకు మించి కనిపించి నేనే అడిగితే, "ఆడపుట్టుక పుట్టినాక ఇయ్యన్నీ ఉంటయ్యిలే అమ్మాయ్" అంది.

అప్పటినుంచి పదకొండేళ్లుగా నేను ఎక్కువగా చేస్తున్నది ఈ పనే. పొత్తికడుపు, తుంటి, నడుము కింది భాగం, కాన్పు కుట్లు, వీటికి చేత్తో చేసే చికిత్స. దీంట్లో చాలా పద్ధతులు ఆస్టియోపతి నుంచి, అంటే ఎముకలు, కీళ్లు, కండరాలకి చేత్తో చేసే వైద్య పద్ధతి నుంచి వచ్చినవి. ఇది ఎవరికి పనికొస్తుంది, ఎవరి దగ్గరికి వెళ్లాలి, బల్ల మీద పడుకున్నాక ఏం జరుగుతుంది, ఇంటికెళ్లి ఏం చేయాలి అన్నది నా దగ్గరికొచ్చే అక్కలకి, పెద్దమ్మలకి రోజూ నోటితో చెబుతుంటాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

చెక్క కుర్చీ మీద కూర్చుని పిర్రల కింద చేతులు పెట్టుకుని చూడండి. రెండు గట్టి ఎముకలు తగులుతాయి. ముందువైపు పొత్తికడుపు చివర ఇంకో ఎముక, వెనక తోకఎముక. ఈ నాలుగింటి మధ్యా ఊయల కట్టినట్టు కండరాల పొర ఉంటుంది. ఈ చోటునే కటి అంటారు. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం దాని మీదే ఆనుకుని ఉంటాయి. మూత్రాన్నీ విరేచనాన్నీ ఆపేది అదే, వదిలేది అదే, కాన్పులో బిడ్డకి దారిచ్చేది అదే. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గొడుగులా ఉండే డయాఫ్రం అనే కండరం కిందికి దిగుతుంది. దాంతోపాటు ఈ ఊయల కూడా కొంచెం దిగుతుంది. ఊపిరి వదిలితే రెండూ పైకి లేస్తాయి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీంతోనే పని.

దగ్గితే, తుమ్మితే, బిందె ఎత్తితే చుక్కలు పడటం, సాయంత్రానికి కింద ఏదో బరువుగా వేలాడినట్టు ఉండటం, గ్యాస్ ఆపుకోలేకపోవడం, ఇవన్నీ సాధారణంగా ఊయల వదులైనప్పుడు కనిపిస్తాయి. ఇవి అందరికీ తెలిసినవే. తెలియనిది రెండోది. మూత్రానికి కూర్చున్నా వెంటనే రాకపోవడం, పోశాక కూడా ఇంకా ఉన్నట్టు అనిపించడం, ముక్కితే గానీ విరేచనం కాకపోవడం, భర్తతో కలిసినప్పుడు నొప్పి, తోకఎముక దగ్గర పోటు, నెలసరి కాని రోజుల్లో కూడా పొత్తికడుపు లాగడం. ఇవి కనిపిస్తే ఆ కండరం వదులు కాలేదు, బిగిసిపోయిందేమో అని చూడాలి. పొద్దున్నుంచి పిడికిలి బిగించుకుని ఉన్న చెయ్యి చెంబు పట్టుకోలేదు. పట్టుకోవాలంటే ముందు వేళ్లు తెరుచుకోవాలి. బిగిసి అలిసిపోయిన కండరం కూడా తుమ్ము వచ్చినప్పుడు అడ్డుపడలేదు, అందుకే చుక్కలు పడేవాళ్లలోనూ బిగుతు ఉన్నవాళ్లు ఉంటారు.

ఈ తేడా తెలియక ఫోనులో వీడియో చూసి, రోజుకి వందసార్లు కింద బిగించి, నొప్పి పెంచుకుని వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. బిగించే వ్యాయామాన్ని 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా స్త్రీవైద్య నిపుణుడు వైద్య లోకానికి పరిచయం చేశాడు. అందుకే దానికి కెగెల్ వ్యాయామం అని పేరు. మంచి వ్యాయామం, నేనూ చేయిస్తాను. కానీ వదలడం రాని కండరానికి బిగించడం ముందుగా నేర్పకూడదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర పొత్తికడుపులో ఏ నొప్పి వచ్చినా నెపం గర్భసంచి మీద పడుతుంది. పిల్లలు పుట్టేశారు గదా, తీయించేసుకుంటే పీడా పోతుందంటారు. దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెప్పాయి. ముప్ఫై ఆరేళ్లకి తీయించుకుని, అదే నొప్పితో నా దగ్గరికి వచ్చిన నాట్ల కూలీ ఒకామె ఉంది, కోవూరు వైపు నుంచి. రోజంతా వంగి నాట్లేసే ఆమెకి తుంటి కండరాలు, కటి అడుగున ఉండే ఈ ఊయల కండరాలు రాయిలా ఉన్నాయి. నొప్పి అక్కడిది. ఎవరూ అక్కడ చెయ్యి పెట్టి చూడలేదు. గడ్డలు, క్యాన్సరు, ఆగని రక్తస్రావం లాంటివి ఉంటే ఆపరేషన్ తప్పనిసరి కావచ్చు, నేను కాదనను. ఆపరేషన్ మాట వచ్చినప్పుడు ఎందుకు తీయాలి, వేరే దారి లేదా అని అడగండి, ఇంకో డాక్టరుకీ చూపించండి.

అలాగే అన్నిటికీ చేతి చికిత్స చాలదు. ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ ఎర్ర కనిపించినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా, మూత్రంలో రక్తం పడినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా, చలిజ్వరంతో నడుం పక్కన నొప్పి ఉన్నా, తిండి తగ్గి పొట్ట మాత్రం ఉబ్బుతున్నా ముందు స్త్రీవైద్యుల దగ్గరికి వెళ్లండి. కడుపుతో ఉండి రక్తం గానీ ఉమ్మనీరు గానీ పోతుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. నడుం నొప్పితోపాటు తొడల లోపలివైపు, కూర్చునే చోటు మొద్దుబారి, మూత్రం బిగబట్టుకుపోతే అది వెన్నులో నరాలు నొక్కుకుపోయిన గుర్తు కావచ్చు. తెల్లారనీ చూద్దాం అనుకోవద్దు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి పోవాలి. ఒంగోలు రిమ్స్ అయినా నెల్లూరు పెద్దాసుపత్రి అయినా, ఏది దగ్గరైతే అది.

ఇవేవీ లేవని తేలాక ఎవరి దగ్గరికి పోవాలి?

ఆస్టియోపతికి మూలపురుషుడు ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా వైద్యుడు. 1874లో ఈ ఆలోచన ప్రకటించి, 1892లో మిస్సోరి రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో మొదటి బడి పెట్టాడు. ఇప్పుడు అమెరికాలో ఆస్టియోపతి చదివినవాళ్లు మందులు రాసి ఆపరేషన్లు చేసే పూర్తిస్థాయి డాక్టర్లు. ఇంగ్లండులో మాత్రం చేతి చికిత్స చేసేవాళ్లు, అక్కడ 1993లో దానికో చట్టం కూడా వచ్చింది. మన దగ్గర ఈ పద్ధతుల్ని ఎక్కువగా ఫిజియోథెరపిస్టులే నేర్చుకుని చేస్తున్నారు. కాబట్టి బోర్డు మీద ఆస్టియోపతి అనే మాట చూసి సరిపెట్టుకోవద్దు. ఫిజియోథెరపీ డిగ్రీలైన బి.పి.టి. గానీ ఎం.పి.టి. గానీ చదివారా, స్త్రీల కటి సమస్యల మీద విడిగా శిక్షణ తీసుకున్నారా, ఇలాంటి కేసులు ఎన్నేళ్లుగా చూస్తున్నారు, చూసేది ఆడమనిషేనా, మీతో వచ్చినవాళ్లని గదిలో ఉండనిస్తారా అని అడగండి. అడిగితే చిరాకుపడే మనిషి దగ్గర బల్ల ఎక్కొద్దు. జారిన గర్భసంచిని చేత్తో ఎత్తి నిలబెడతామని, పిల్లలు పుట్టేట్టు చేస్తామని, పది సిట్టింగులకి ముందే డబ్బు కట్టమని అనేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

వెళ్లేముందు మూడు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి. ఎన్నింటికి మూత్రానికి పోయారు, ఎన్ని గ్లాసులు తాగారు, ఎప్పుడు చుక్కలు పడ్డాయి, అప్పుడు ఏం చేస్తున్నారు. పగటిపూట రెండున్నర మూడు గంటలకి ఒకసారి వెళ్లడం మామూలు. గంటకోసారి పోతున్నా, మా అమ్మలా పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోకపోయినా అది కాగితంలో తెలిసిపోతుంది. కాన్పుల వివరాలు, స్కానింగు కాగితాలు, వాడే మందులు వెంట పెట్టుకోండి. చీర కన్నా వదులు చుడీదార్ ప్యాంటు నయం. నెలసరిలో ఉన్నా రావచ్చు, బయటి చికిత్సకి అడ్డేమీ లేదు.

మొదటి రోజు నా దగ్గర గంట పడుతుంది. అందులో సగం మాటలే. సింగరాయకొండ నుంచి వచ్చే టీచరమ్మ ఒకరు అరగంట మోకాలి నొప్పి గురించి చెప్పి, చెప్పులు వేసుకునేటప్పుడు అసలు సంగతి చెప్పారు. అలాంటప్పుడు నేను తొందరపెట్టను. మీరూ సిగ్గుపడకండి, ఆ మాటలు వినడానికే మేమున్నది. మీ అత్తగారో ఆడబిడ్డో తోడొస్తే, ఆమె ముందు చెప్పలేనిది చెప్పడానికి పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడతానని అడగండి.

తర్వాత నిలబెట్టి చూస్తాను. బరువు ఏ కాలి మీద వేస్తున్నారు, ముందుకి వంగితే నడుము ఎక్కడ ఆగుతోంది, ఊపిరి పీలిస్తే పొట్ట కదులుతోందా, భుజాలే లేస్తున్నాయా. నొప్పి కింద ఉందంటే పక్కటెముకల మీద చెయ్యి పెడుతుందేంటి అని చాలామంది అనుకుంటారు. పైన గొడుగు కదలకపోతే కింద ఊయల కదలదు గనక అక్కడినుంచి మొదలుపెడతాను. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ల కింద దిండు పెట్టి, పక్కటెముకల అంచున రెండు చేతులూ ఆనించి మీ ఊపిరితోపాటే నడుస్తాను. వదిలినప్పుడల్లా నా చెయ్యి కొంచెం లోపలికి దిగుతుంది. ఆ తర్వాత తుంటి ముందరి కండరం, తొడ లోపలి కండరాలు, వెనక నడుముకీ తోకఎముకకీ మధ్య ఉండే త్రికం ఎముక, దాని రెండు పక్కలా ఉండే కీళ్లు. కొన్నిసార్లు మిమ్మల్నే పని చేయమంటాను: మోకాలితో నా చేతిని అయిదారు సెకన్లు మెల్లగా నెట్టండి, ఇప్పుడు వదిలేయండి అంటాను. వదిలిన క్షణంలో కండరం కాస్త సాగనిస్తుంది. అలా మూడు నాలుగుసార్లు. గట్టిగా విరవడం, టక్కుమనిపించడం అవసరం లేదు. నొప్పిని పదికి లెక్కేసుకుంటే నాలుగు దాటనివ్వకూడదు.

లోపలి పరీక్ష గురించి విడిగా చెబుతాను, భయమంతా దీని గురించే గనక. కండరం బిగుతుగా ఉందా, వదులుగా ఉందా అన్నది నేరుగా తెలియాలంటే గ్లవుజు వేసుకుని, జెల్ రాసి, యోనిలో ఒక్క వేలితో మెల్లగా చూడాలి. బిగించమని చెప్పి, ఆ బలానికి సున్నా నుంచి అయిదు దాకా అంకె వేస్తాం. బిగుసుకున్న చోట వేలు ఆనించి, మీరు ఊపిరి వదిలేదాకా ఆగుతాం. అంతకు మించి అందులో ఏమీ లేదు. కానీ ఇది మొదటి రోజే చేయాలని లేదు, అసలు చేయించుకోవాలనే లేదు. చేసేముందు ఎందుకో చెప్పాలి, మీరు ఒప్పుకోవాలి, పైన దుప్పటి కప్పాలి, ఆపమంటే ఆ క్షణం ఆపాలి. ఒప్పుకున్న తర్వాత మధ్యలో వద్దనిపించినా వద్దనొచ్చు. పెళ్లికాని పిల్లలకి నేను చేయను, వాళ్లకి బయటినుంచే చేయగలిగింది చాలా ఉంది. ఇన్ఫెక్షను ఉన్నప్పుడు, కాన్పయి ఆరు వారాలు కాకముందు, కడుపుతో ఉండి డాక్టరు సరే అననప్పుడు చేయకూడదు. ఒక్క వాక్యం ముందే నోటికి పట్టించుకుని వెళ్లండి: "ఇప్పుడు ఏం చేయబోతున్నారు, ఎందుకు?" ఈ ప్రశ్న నా దగ్గర అడిగినవాళ్లంటే నాకు గౌరవం.

కడుపుతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత వచ్చే నడుం నొప్పికి చేతి చికిత్స ఉపశమనం ఇస్తుందని కొన్ని పరిశోధనలు చూపించాయి. మూత్రం కారడం తగ్గిస్తుందని బలమైన ఆధారం ఉన్నది మాత్రం వ్యాయామానికే. చేతులు బిగుతు తీసి దారి చూపిస్తాయి, అంతే. కింద రాసినవి ఇంట్లో చేయకపోతే వారానికోసారి బల్ల మీద పడుకున్నా నిలవదు.

మొదటి రెండు వారాలు వదలడం ఒక్కటే చేయండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి పక్కటెముకల మీద, ఒక చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చండి. పొట్ట పైకి లేస్తుంది, అదే సమయంలో కింద మెత్తబడి తెరుచుకుంటున్నట్టు గమనించండి. మూత్రం మొదలయ్యే క్షణంలో ఎలా ఉంటుందో అలా. ఆరు లెక్కపెడుతూ వదలండి. ముక్కొద్దు, నెట్టొద్దు. పొద్దున పది, రాత్రి పది. పళ్లు బిగించి ఉంటే కింద కూడా బిగిసి ఉండొచ్చు, కాబట్టి పెదవులు కాస్త విడదీసి చేయండి. మొదట్లో ఏమీ తెలియదు. కొండపి నుంచి వచ్చే ఒక పెద్దమ్మ తొమ్మిదో రోజు ఫోన్ చేసి, "అమ్మాయ్, ఇయ్యాల తెలిసింది, అదేదో తామరాకు మీద నీళ్లు జారినట్టు" అంది. నాకు ఆ వర్ణన చేత కాలేదు ఇన్నేళ్లూ.

సిజేరియన్ అయినవాళ్లు కుట్టు మచ్చని వదిలేయకండి. పైకి మానినా, కొందరిలో కింద పొరలు ఒకదానికొకటి అతుక్కుని పొత్తికడుపుని లాగుతుంటాయి. నా రెండో కాన్పు సిజేరియనే. ఏడాది దాకా నా మచ్చని నేనే ముట్టుకోలేదు, చూడబుద్ధి కాలేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటి, పుండు పూర్తిగా మూసుకుని, డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టండి. మొదటి నాలుగు రోజులు అరచెయ్యి ఊరికే ఆనించి ఉంచండి, చాలు. తర్వాత మచ్చకి రెండు వేళ్ల దూరంలో చర్మాన్ని పైకి, కిందికి, పక్కలకి జరపండి. వారం పోయాక మచ్చ మీదే, చుక్క కొబ్బరినూనె రాసుకుని చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు. ఎక్కడ కదలదో అక్కడ ఊపిరి వదిలేదాకా ఆగండి. రోజుకి అయిదు నిమిషాలు. చుట్టూ మొద్దుబారినట్టు ఉండటం కొన్ని నెలలు మామూలే. ఎర్రబడినా, నీరు కారినా ఆపేసి డాక్టరుకి చూపించండి.

మూడో వారం నుంచి, బిగుతు తగ్గినవాళ్లు బిగించడం మొదలుపెట్టొచ్చు. గ్యాస్ ఆపుకున్నట్టు వెనకనుంచి ముందుకి, పైకి లాగాలి. పిర్రలు, తొడలు, పొట్ట బిగిస్తే లెక్కలోకి రాదు. ఊపిరి వదులుతూ ఆరేడు సెకన్లు ఉంచి, అంతే సేపు పూర్తిగా వదలాలి. ఎనిమిది సార్లు, రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపే పద్ధతిని వ్యాయామంగా చేయొద్దు. తుమ్ము వస్తుందనిపించగానే, బిందె ఎత్తబోయే ముందు ఒకసారి బిగించి ఊపిరి వదులుతూ ఎత్తండి. ఊపిరి బిగబట్టి ఎత్తితే ఆ బరువంతా ఊయల మీదే పడుతుంది.

బాలింతల ఇళ్లలో పెద్దవాళ్లకి ఒక విన్నపం. నడికట్టు కడితే కట్టండి, నాలుగు వేళ్లు దూరేంత వదులుగా కట్టండి. పొట్ట లోపలికి పోవాలని బిగదీస్తే ఒత్తిడి కిందికి దిగుతుంది, అప్పుడే కాన్పయి సాగిన కండరాలు అక్కడున్నాయి. చెమర్చుద్దని, వాతమని నీళ్లు తగ్గించొద్దు. పాలిచ్చే తల్లికి నీళ్లు తగ్గితే విరేచనం గట్టిపడుతుంది, ముక్కుతుంది, మళ్లీ అదే ఊయల దెబ్బతింటుంది. కమోడు వాడేవాళ్లు కాళ్ల కింద పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కన్నా పైకి వచ్చేట్టు కూర్చుంటే ముక్కే పని తగ్గుతుంది.

చికిత్సకి నేను మామూలుగా నాలుగు నుంచి ఆరు సార్లు రమ్మంటాను, మొదట వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకి. మూడోసారికి కూడా ఏ మార్పూ లేకపోతే నేను చేస్తున్నది తప్పయినా కావాలి, కారణం వేరేదయినా కావాలి. అప్పుడు డాక్టరు దగ్గరికి పంపుతాను. గర్భసంచి బయటికి వచ్చేంత జారినవాళ్లకి రింగు పెసరీ, అంటే గర్భసంచి జారకుండా యోనిలో ఆసరాగా పెట్టే రింగు, పెట్టించుకునే దారి ఉంది, ఆపరేషన్ ఒక్కటే దిక్కు కాదు.

ముందు రాసిన మూడు రోజుల కాగితం పారేయకండి. మూడు నెలలయ్యాక మళ్లీ మూడు రోజులు రాసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మా అమ్మకి రాయడం రాదు గనక వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టింది, తడిసిన ప్రతిసారీ ఒక గీత. మొదటి వారం పందొమ్మిది గీతలున్నాయి, పన్నెండో వారం నాలుగు. పోయిన సంక్రాంతికి సున్నం వేయించినప్పుడు ఆ జానెడు గోడ మాత్రం వదిలేయమంది.